చూసినవాడే ముట్టుకోవాలి

మా మేజాకు ఒక కాలు పొట్టి. మా ఊరు చూడవచ్చేవాళ్ల కోసమని ఎవరో అచ్చువేసి ఇంటింటికీ పంచిన 'ఒక్కరోజులో శాన్ క్రిస్టోబల్' పుస్తకం సరిగ్గా ఆ లోటుకు సరిపోయింది. గ్వాదలూపె గుడి మెట్లకు పోయే వీధిలో, మా గుమ్మం ముందు, నేనూ మా అత్తగారు దోన్యా క్లెమెన్సియా మొక్కజొన్న పిండితో ఆవిరిమీద ఉడికించిన వేడి తమాలెలు అమ్ముకునే ఆ మేజా ఏడాదిగా కదలకుండా నిలబడిందంటే ఆ పుస్తకం చలవే.

సోమవారం పొద్దున మా బాబు రమీరోకు నీళ్లు పోస్తుంటే వాడి మణికట్టుకున్న ఎర్రదారం తెగి, తేనెరంగు అంబర్ పూస నా ఒళ్లో పడింది. వాడికి ఏడు నెలలు. దిష్టి తగలకుండా పుట్టిన మూడోరోజు కట్టిన పూస అది. కొత్త దారం తేవాలి అనుకుంటూనే పూసను జాకెట్టులో దోపుకుని, వాడిని శాలువాతో వీపున కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాను. తేవాలి అనుకోవడం నాకు ఒక పని. తెచ్చేదాకా భయపడటం ఇంకో పని.

తొమ్మిదీ నలభైకి ఒక పొడుగాటి పెద్దమనిషి వచ్చాడు. చేతిలో అదే పుస్తకం. స్టవ్వు మంటలాంటి నీలికళ్లు. మేజా ముందు ఆగి, వాచీ చూసుకుని, నా భుజం మీదుగా మావాడిని చూశాడు.

"ఎంత ముద్దుగా ఉన్నాడండీ. ఇంత అందమైన బిడ్డను నేనెక్కడా చూళ్లేదు."

మూడు నిమిషాలు రెప్ప వేయలేదు. మళ్లీ వాచీ చూసుకుని వెళ్లిపోయాడు. బిడ్డను ముట్టుకోలేదు.

"కళ్లు పెట్టాడు గానీ చెయ్యి పెట్టలేదు, చూశావా?" అంది అత్తగారు. "పూస కూడా లేదాయె. ఇక చూసుకో."

పదింటికల్లా రమీరో ఏడుపు లంకించుకున్నాడు. పాలు పడితే కక్కాడు. ఒక కన్ను చిన్నదైపోయింది. అత్తగారు కోడిగుడ్డుతో వాడి ఒళ్లంతా దిష్టి తీసి, దాన్ని గ్లాసు నీళ్లలో పగలగొట్టింది. పచ్చసొన మీద తెల్లగా ఒక కన్ను తేలింది. మాకేసే చూస్తోంది.

"ఇది గుడ్డు వల్ల అయ్యేది కాదు," అందావిడ. "చూసినవాడే తల నిమరాలి. వెళ్లి పట్టుకో."

"ఇంత ఊళ్లో ఎక్కడని వెతకను అత్తా?"

"పుస్తకంలో ఎట్లా ఉంటే అట్లా తిరుగుతున్నాడు కదే. నీకు చదువొచ్చుగా."

నాలుగో తరగతి దాకా వచ్చు. వంగి పుస్తకం లాగాను. మేజా ఒరిగింది. అత్తగారు దానికి పొట్ట ఆనించి, రెండు చేతులా పట్టుకుంది.

"తొందరగా రా. నేనేం దీనికి కాలుగా పుట్టలేదు."

వేలుపెట్టి చదువుకుంటూ నడిచాను. పుట్టి పెరిగిన ఊళ్లో పుస్తకం చూసుకుని దారి వెతకడం అదే మొదలు. 'తొమ్మిదీ నలభై: వీధిలో ఆగి స్థానికుల జీవితాన్ని మెచ్చుకోండి, 3 నిమిషాలు.' అదన్నమాట సంగతి. 'పదకొండు: నేత వస్త్రాల ప్రదర్శనశాల. మౌనంగా చూడండి, 40 నిమిషాలు.'

ఆ ప్రదర్శనశాల ఎత్తేసి రెండేళ్లయింది. అక్కడిప్పుడు పళ్ల డాక్టరుంటాడు. చీటీలు రాసే అరసేలి నాతో చదువుకున్నదే.

"నీలికళ్లాయన ఎవరైనా వచ్చాడా?"

"ఇప్పుడే పోయాడు. నలభై నిమిషాలు నోరు మెదపకుండా కూచున్నాడే. వంతు వచ్చిందని డాక్టరుగారు పిలిచారు. నోరు తెరవండి అంటే, నేను చూట్టానికే వచ్చానండీ అని డాక్టరుగారి నోట్లోకి చూసి, చాలా బాగుంది అని వెళ్లాడు. బాబుకేమైంది?"

"కళ్లు పెట్టిపోయాడు."

"డాక్టరుగారికీ అప్పట్నుంచి పన్ను సలుపుతోంది. ఆయన్ని కూడా ముట్టుకోమని చెప్పు."

'పదకొండూ నలభై అయిదు: చౌకులో బల్లమీద ఎండ కాచుకుంటూ స్థానికులతో మాట్లాడండి, 10 నిమిషాలు.'

కొండల మీంచి మంచు దిగి తుంపర పడుతోంది. చౌకు ఖాళీ. ఒకే ఒక్క బల్లమీద ఆయన కూర్చుని ఉన్నాడు. టోపీ అంచున నీళ్లు కారుతుంటే, సూర్యుడు ఉండాల్సిన వైపుకు ముఖమెత్తి పెట్టాడు. పక్కన కూలబడ్డాను.

"మీరు స్థానికులేనా?" అన్నాడు ఆశగా.

"పుట్టిందిక్కడే."

"అమ్మయ్య. ఏడు నిమిషాలు వృథా అయిపోయాయి. ఒక్కరూ రాలేదు."

శాలువా ముందుకు తిప్పి బాబును చూపించాను. "అయ్యా, వీణ్ని పొద్దున చూశారు. దిష్టి తగిలింది. మీరే ఒకసారి తలమీద చెయ్యి వెయ్యాలి. ఇంకెవరు వేసినా దిగదు."

ఆయన ముఖం పాలిపోయింది. తన పుస్తకం తెరిచాడు. "ఆరో పేజీ. స్థానికుల పిల్లలను ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోరాదు. మన్నించమ్మా. మా దేశంలో ముప్ఫై ఏళ్లు రైళ్ల టైంటేబుళ్లు వేశాను. రాసినదాన్ని దాటితే ఏమవుతుందో నాకు తెలుసు."

"నేను వాడి తల్లిని. నేనే చెబుతున్నా కదా."

"మీరు చెబుతున్నారు. రాసి లేదుగా."

రమీరో గొంతు పోయి పిల్లికూనలా మూలుగుతున్నాడు. చెవులు చల్లబడ్డాయి. పుస్తకంలో తర్వాతి వరస, 'చాకొలెట్ తాగండి, 25 నిమిషాలు.' ఏ కొట్లోనో రాయలేదు. లేచిపోతే ఈయన మళ్లీ దొరకడు.

"పెన్సిలుందా?" అన్నాను.

సన్నగా చెక్కిన పెన్సిలు తీసి ఇచ్చాడు. మేజా కాలికి గుంటపడిన నా పుస్తకాన్ని మోకాలిమీద పెట్టుకుని, ఆరో పేజీ అడుగున, ఆయన చూస్తుండగానే రాశాను: చూసినవాడు ముట్టుకోవాలి.

ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఎన్ని నిమిషాలో వెయ్యలేదు," అన్నాడు.

'2 నిమిషాలు' అని చేర్చాను.

"ఇవి దేంట్లోంచి తగ్గించమంటారు?"

"చాకొలెట్‌లోంచి."

తలూపి, టోపీ తీసి, ఎముకల చెయ్యి రమీరో నెత్తిన పెట్టి వాచీకేసి చూస్తూ కూర్చున్నాడు. మొదటి నిమిషమంతా వాడు వెక్కాడు. రెండో నిమిషంలో చిన్నదైన కన్ను పూర్తిగా తెరిచి, ఆయన్ని తేరిపార చూసి, ఆవులించి నిద్రపోయాడు. చెవులు వెచ్చబడ్డాయి. టైము అయ్యేదాకా ఆయన చెయ్యి తీయలేదు.

"మీది కొత్త ముద్రణ. మార్చుకుందామా?" అన్నాడు లేస్తూ.

ఇచ్చేముందు, పళ్ల డాక్టరు దవడ, 1 నిమిషం అని కూడా రాశాను.

ఇంటికొచ్చేసరికి అత్తగారు మేజాను అలాగే పొట్టతో ఆపి, ఒంటిచేత్తో తమాలెలు అమ్ముతోంది. ఆయన పుస్తకం కాలికింద దోపాను. అది నలగనిది, లావుగా ఉంది. మేజా రెండోవైపుకు ఒరిగింది. అత్తగారు నన్ను తిట్టడానికి నోరు తెరిచింది.

"మెల్లగా అత్తా. పడుకున్నాడు."

ఆవిడ నోరు మూసుకుని, చప్పుడు చేయకుండా అటువైపుకు నడిచి, అక్కడ పొట్ట ఆనించింది.

"ముందు దారం కట్టు," అంది గుసగుసగా.

శాలువా అంచులోంచి ఒక ఎర్రపోగు లాగాను.