రెజొల్యూట్ దాకా గంటా ఇరవై

ఇముషి రన్‌వే అంచున నిలబడి, గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచీకి పట్టిన మంచును కర్రతో దులుపుతున్నాడు. పొట్టి మనిషి. అరవై రెండేళ్ళ మొహం చలికి కమిలి, చెంపల మీద నల్లమచ్చలు తేలాయి. ఇరవై తొమ్మిదేళ్ళుగా, కెనడా ఉత్తరపు కొసనున్న గ్రీస్ ఫియోర్డ్ ఊళ్ళో విమానాశ్రయమంటే అతనే. కంకర చదును చేసేదీ, ఎలుగుబంట్లను తరిమేదీ, రేడియోలో వాతావరణం చెప్పేదీ అతనే. పొరుగూరు రెజొల్యూట్ ఎంత దూరమని ఎవరడిగినా ఒకటే జవాబు: "మూడువందల ఎనభై అయిదు కిలోమీటర్లు. గంటా ఇరవై నిమిషాలు. ఆకాశం ఒప్పుకుంటే." తాను మాత్రం అక్కడికి రెండే సార్లు వెళ్ళాడు, రెండుసార్లూ పన్ను పీకించుకోవడానికే.

ఆ రోజు విమానం అతని భార్య ఊలీసీ కోసం వస్తోంది. పొద్దుటి నుంచి ఆమెకు గుండెలో నొప్పి. నర్సు ఆమెను మంచుబండి మీద విమానాశ్రయం షెడ్డుకు తీసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టింది.

"ఎంతసేపు పడుతుందమ్మా?" అంది ఊలీసీ.

"మీ ఆయన్నే అడగండి."

"ఆయన్ని అడిగేదేముంది? నిద్రలో కూడా గంటా ఇరవై అనే కలవరిస్తాడు." నవ్వబోయి దగ్గింది.

ఇముషి ఆమె కాళ్ళ మీద దుప్పటి సర్దాడు. అంతలోనే గడ్డకట్టిన సముద్రం మీంచి పొగమంచు పాక్కుంటూ వచ్చింది. ముందు నూనె ట్యాంకుల్ని మింగింది, తర్వాత బడి కప్పుని.

రేడియో పలికింది. పైలట్ డెనీ. "పెద్దాయనా, ఇంకో పది నిమిషాల్లో మీ నెత్తిమీదుంటాం. రన్‌వే వెనక కొండ కనబడుతోందా?"

కిటికీలోంచి చూశాడు. కొండ లేదు. గాలిసంచీ కూడా లేదు. వెనక ఊలీసీ ఊపిరి ఈలలా వినబడుతోంది. కనబడుతోందని ఒక్క మాట అంటే చాలు, డెనీ దిగుతాడు. ఇన్నేళ్ళూ అందరూ అతని మాట నమ్మే దిగారు. విమానంలో ముగ్గురున్నారు. మైకు మీట నొక్కి పట్టుకున్నాడు.

"చెప్పవయ్యా," అంది ఊలీసీ మెల్లగా. "ఉన్నదే చెప్పు. వాళ్ళకీ ఇంట్లో ఎదురుచూసేవాళ్ళుంటారు."

"కనబడటం లేదు," అన్నాడు ఇముషి. "వెనక్కి పోండి బాబూ."

డెనీ వెంటనే పోలేదు. పొగమంచు పైన రెండు చుట్లు తిరిగాడు. తర్వాత ఇంజను మోత పడమటికి సన్నగిల్లింది.

ఇముషి బల్ల పక్కన నేల మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గోళ్ళ సందున రొట్టెపిండి ఎండిపోయి ఉంది.

"ఎందాకా పోయుంటారు?"

"సగం దారి."

"చేరాక చెప్పు," అంది కళ్ళు మూసుకుని.

మళ్ళీ రేడియో పలికితే లేచి వెళ్ళాడు. విమానం రెజొల్యూట్‌లో క్షేమంగా దిగింది.

"చేరారే," అంటూ ఇటు తిరిగాడు. నర్సు ఆమె మొహం మీదికి దుప్పటి లాగుతోంది.

మధ్యాహ్నానికి పొగమంచు విడిపోయింది. వాతావరణం చెప్పే వేళ తప్పకుండా ఇముషి రేడియో ముందు కూర్చున్నాడు. కొండ కనబడుతోందని చెప్పాడు. అవతలివాళ్ళు సరేనన్నాక కూడా, మరోసారి చెప్పాడు.

తలుపు పక్కన సామాన్లు తూచే కాటా మీద ఊలీసీ ప్రయాణపు సంచీ అలాగే ఉంది. ముల్లు నాలుగు కిలోల దగ్గర ఆగి ఉంది.