ఒక బుడిపెలోని రెండు ఈగలు

ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, ఆ కీటకాల పరిశోధన సంస్థలో గేటు కాపలాదారు మొదలు అందరికీ ఆమె సూదులావిడే. పద్దెనిమిదేళ్లుగా ఆమెది ఒకటే పని. పొదల కొమ్మల మీద ఉబ్బిన బుడిపెల్ని కోసుకొచ్చి, సీసాలో వేసి, మూతికి పలచటి గుడ్డ కట్టి, లోపలి పురుగు ఈగై బయటికొచ్చేదాకా కాచుకుని కూర్చుంటుంది. వచ్చిన ఈగను సూదికి గుచ్చుతుంది. అది విడిచిన ఖాళీ గుల్లను అట్టముక్కకు అంటించి, అదే సూదికి కింద తగిలిస్తుంది. కోళ్లను పెంచినా గుడ్లన్నా పెట్టేవని ఇంట్లో అత్తగారు దెప్పుతూనే ఉంటుంది.

ఆ ఏడు వచ్చిన ఈగలు ఏ పుస్తకంలోనూ లేవు. సంస్థలోని ప్రొఫెసరు చూసి, ఇది కొత్త ప్రజాతి అన్నాడు. అందులో రెండు జాతులున్నాయన్నాడు. రెక్కల మీద పట్టీలున్నది ఒకటట, చుక్కలున్నది ఇంకొకటట. చుక్కలదానికి డైరెక్టరు గారి పేరు పెట్టాడు. ఆ సంతోషంలో డైరెక్టరు ఆఫీసంతా మిఠాయిలు పంచాడు.

వాటి మీద ప్రొఫెసరు రాసిన వ్యాసం ప్రతి చేతికొచ్చాక సూదులావిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. పట్టీల జాతిలో ఆడది దొరకలేదని రాశాడు. చుక్కల జాతిలో మగది దొరకలేదని రాశాడు. అవి రెండూ లోపల నాలుగు గదులున్న ఒకే బుడిపెలోంచి, ఒకే పొద్దున, ఆమె కళ్లెదుటే బయటికొచ్చాయి. సాయంత్రానికి సీసాలోనే జత కట్టాయి. ఆ సంగతంతా అట్టముక్కల మీద రాసిపెట్టింది. ఫోటోల్లో అసహ్యంగా ఉన్నాయని ప్రొఫెసరు వాటిని పీకి చెత్తబుట్టలో పారేశాడు.

అంతటితో ఊరుకోక, ఒక కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఈగలు రెండు వేర్వేరు మొక్కల నుంచి వచ్చినట్టు పెంచినవాళ్లే సంతకం చేయాలని వ్యాసం అచ్చువేసే పత్రికవాళ్లు అడిగారట.

"మీకు దొరకని ఆడది పక్క పెట్టెలోనే ఉంది సార్," అంది ఆమె.

ఆయన నవ్వి, రెక్కలు చూస్తే చిన్నపిల్లలకైనా తేడా తెలుస్తుందన్నాడు. ఆడ నెమలికీ మగ నెమలికీ తేడా లేదా అని ఆమె అడిగింది. డైరెక్టరుకు మాటిచ్చానని ఆయన గొంతు తగ్గించాడు. ఆమె తగ్గలేదు.

"చూడమ్మా, గుచ్చడం నీ పని. పేరు పెట్టడం నా పని."

"పేరు ఏదైనా పెట్టుకోండి. పుట్టుక మాత్రం మార్చకండి. వాటి పుట్టుక చూసింది నేను."

సంతకం పెట్టకపోతే ఇంకొకరితో పెట్టిస్తానన్నాడు. పెంచినది తాను కాబట్టి, అది దొంగ సంతకం అవుతుందని ఆమె చెప్పింది.

అక్కడే, ఆయన ముందే, ఏ ఈగ ఏ బుడిపెలోంచి ఎప్పుడొచ్చిందో తను రాసిపెట్టే పెంపకం రిజిస్టరు తెరిచింది. ఆ ఈగల పేజీని కాపీ తీయించింది. ఆయన తెచ్చిన కాగితం మీద 'రెండు మొక్కలు' అన్న మాటను అడ్డంగా కొట్టేసి, పైన రాసింది: ఒక మొక్క, ఒక బుడిపె, ఒక జాతి. మగకు పట్టీలు, ఆడకు చుక్కలు. కింద, తన అసలు పేరుతో, పొడుగ్గా సంతకం పెట్టింది.

రెండు కాగితాలూ కవరులో పెట్టి, పత్రిక చిరునామా రాసి, పోస్టాఫీసుకెళ్లి తపాలా గుమాస్తా చేతికి తనే ఇచ్చింది. రసీదు చేతికొచ్చేదాకా కదల్లేదు. వెనకాలే వచ్చిన ప్రొఫెసరు గుమ్మంలో నిలబడి, ముద్ర పడుతుంటే చూస్తూ ఉండిపోయాడు.