తండ్రిగారి భోజనవేళ

కొత్త కాపురం పెట్టిన వారంలోనే, ఒక పొద్దున, ఫిఫామే కర్రపెండలం గారీ రవ్వ డబ్బా కోసం వంటింటి అలమరలో చెయ్యి పెట్టింది. చేతికి చల్లగా, నున్నగా ఏదో తగిలింది. వంగి చూస్తే పాము. ఆమె వేసిన కేకకు మొగుడు సెజ్రో సగం గడ్డం నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. కర్ర తెస్తాడనుకుంది. అతను మోకాళ్ళ మీద కూలబడి, నుదురు నేలకు ఆనించి, "తండ్రీ, దయచేశారా" అన్నాడు. లేచేసరికి నేల మీద సబ్బు నురగ అచ్చు పడి ఉంది.

తండ్రిగారు బొటనవేలంత లావున, మూరెడు పొడుగున ఉన్నారు. ఇంత హడావుడికి బెదిరిపోయి, తల లోపలికి దాచుకుని, బత్తాయంత ఉండలా చుట్టుకుపోయారు.

ఫిఫామే పుట్టి పెరిగిన పోర్తో-నోవోలోనూ కొండచిలువకు దండం పెట్టేవాళ్ళున్నారు గానీ దూరం నుంచి పెడతారు. ఆమె మెట్టిన ఈ వీదా పట్నంలో మెడలో వేసుకుంటారు. ఇక్కడ కొండచిలువ గడపలోకి వచ్చిందంటే చుట్టం వచ్చినట్టే. రెండు చేతులా ఎత్తుకుని, మర్యాదగా గుడికి తీసుకెళ్ళి అప్పగించాలి. సెజ్రో అలాగే తీసుకెళ్ళాడు. గుడి పెద్దాయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. డొక్క మీద ఎలుక కొరికిన గాయముంది, పైగా పసిది, పెద్దవాటి మధ్య వదిలితే తట్టుకోలేదు, తనంతట తాను వెతుక్కుంటూ వచ్చిన ఇల్లు కదా, కాస్త పెరిగేదాకా మీరే చూసుకోండి అన్నాడు.

ఆ మాటకు అలుగ్బా ముఖం వెలిగిపోయింది. అలుగ్బా సెజ్రోకు మేనత్త. ఆ వంశంలో ఆడవాళ్ళందరికీ పెద్ద దిక్కు. పిల్లలకు పేరు పెట్టాలన్నా, తగువు తీర్చాలన్నా, కొత్త కోడలు కాచిన పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో తేల్చాలన్నా ఆమె మాటే మాట. కొత్త పెళ్ళికూతురి వంటింటికి పసివాడు నడిచొచ్చాడంటే దానికి వేరే అర్థం చెప్పక్కర్లేదంటూ, గుడి నుంచి ఇంటిదాకా ఎదురైన ప్రతివాళ్ళకూ ఆ అర్థం చెప్పుకుంటూ వచ్చింది.

ఫిఫామేకు ఆ రోజుల్లో ప్రతిదీ ముచ్చటగానే ఉండేది. ఒకే తానులోంచి ఇద్దరికీ కుట్టించిన బట్టలు, ఒకే గిన్నెలో మొక్కజొన్న అకాస్సా ముద్ద తుంచుకుంటుంటే వేళ్ళు తగలడం, బడిలో చరిత్ర పాఠం చెబుతున్నప్పుడు వేలి ఉంగరం సుద్దముక్కకు తగిలి టిక్కుమనడం. ఇప్పుడు వీటికి ఒక మూత బుట్ట కూడా తోడైంది. సెజ్రో తాటాకు బుట్ట తెచ్చి, అడుగున పాత గుడ్డ పరిచి, మట్టి మూకుడులో నీళ్ళు పెట్టాడు. మొదటి వారం ఆమె బుట్టను గుమ్మంలోంచే చూసింది. రెండో వారం మూత ఎత్తింది. ఆ తరవాత ఒక సాయంత్రం ఆ పసిది ఆమె ముంజేతి మీదుగా, గాజుల కిందనుంచి దారి చేసుకుంటూ పాకి, మోచేతి మడతలో తలపెట్టి ఆగిపోయింది. ఫిఫామే ఊపిరి బిగబట్టి కూర్చుంది. చెయ్యి తిమ్మిరెక్కినా కదపలేదు. అందరూ తండ్రిగారంటుంటే, ఎవరూ లేనప్పుడు ఆమె మాత్రం బుజ్జిగాడా అని పిలిచేది.

మొదటిసారి దానికి చిట్టెలుకను పెట్టినప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ మోకాళ్ళు మోకాళ్ళు ఆనించుకుని చూశారు. మింగాక దాని నడుం దగ్గర చిన్న బుడిపె తేలింది. ఇంట్లో బిడ్డ తొలిసారి అన్నం తిన్నంత సంబరపడ్డారు. మర్నాడు బుట్ట మూత తీస్తే గుప్పున వాసన కొట్టింది. సగం కరిగిన ఎలుక గుడ్డ మీద ఉంది. దాని పక్కన పసిది ఉండ చుట్టుకుని, తప్పు చేసినట్టు పడుకుని ఉంది.

మరుసటి వారం కూడా అదే జరిగింది. ఒంటి మీద చర్మం వదులై, వేలితో నిమిరితే వెన్ను గరుగ్గా తగలసాగింది. ఫిఫామేతో చదువుకున్న ఎడ్విజ్ ఇప్పుడు పశువుల డాక్టరు. ఆమెకు ఫోన్ చేశారు. ఎడ్విజ్ ఓపిగ్గా అన్నీ అడిగింది. ఎలుక దాని ఒంటికన్నా లావుగా ఉందా, బుట్ట వెచ్చటి చోట ఉందా, తాగడానికి నీళ్ళున్నాయా, తిన్నాక దాన్నెవరైనా చేతిలోకి తీసుకుంటున్నారా. ఆ ఆఖరి మాటకు సెజ్రో వెంటనే జవాబిచ్చాడు. ఎవరూ వేలు కూడా పెట్టరు, ఇక్కడ తండ్రితో ఆటలాడేవాళ్ళెవరూ లేరన్నాడు. అయితే చలి వల్ల కావచ్చని ఎడ్విజ్ అంది. ఉత్తరాన్నించి దుమ్ముగాలి వీచే రోజులు, తెల్లవారేసరికి గచ్చు చల్లబడిపోతోంది. రెండు వారాలపాటు కడుపు ఖాళీగా ఉంచి, వెచ్చగా పెట్టి, తరవాత ఇంకా చిన్న ఎలుక పెట్టమంది.

అలాగే చేశారు. బుట్టను పొయ్యి గోడకు ఆనించి పెట్టారు. ఇద్దరూ నీళ్ళ మూకుడు వంక చూసుకుంటూ రెండు వారాలు గడిపారు. జనవరి పండుగ రోజులు దగ్గరపడుతుండగా, ఒక ఆదివారం పొద్దున, కళ్ళు తెరవని ఎలుకపిల్లను పెట్టారు. పసిది ఆబగా మింగింది. ఆ సాయంత్రానికే మళ్ళీ కక్కేసింది.

అలుగ్బా బుట్ట ముందు చాలాసేపు నిలబడింది. కోపంగా మాట్లాడి ఉంటే ఫిఫామేకు నయంగా ఉండేది. ఆమె మెల్లగా, జాలిగా మాట్లాడింది.

"ఈ ఇంటి అన్నం వాడికి ఇమడటం లేదే పెళ్ళామా. ఇంకొక్కసారి చూద్దాం. అప్పుడూ కక్కితే గుడికి ఇచ్చేద్దాం. కొత్త కాపురంలో తండ్రి కన్ను మూయకూడదు."

ఆ వంశం ఆడపడుచులందరూ కోడల్ని పెళ్ళామా అనే పిలుస్తారు. మామూలుగా ఆ పిలుపు వింటే ఫిఫామేకు నవ్వొచ్చేది. ఆ రోజు రాలేదు. గుడికి ఇచ్చినా పెద్దవాటి మధ్య ఈ పుల్లలాంటిది బతకదని ఆమెకు తెలుసు. అలుగ్బాకూ తెలుసు.

మర్నాడు పండుగ భోజనం అలుగ్బా ఇంట్లో. దారిలో ఉన్న చుట్టాలిళ్ళన్నిట్లోనూ కొత్త కోడలు కూర్చోవాలి, కూర్చుంటే తినాలి. ఒక ఇంట్లో పామాయిల్‌లో వేగిన చేప, ఇంకో ఇంట్లో చిక్కుడు గింజల అన్నం. అలుగ్బా ఇంటికి చేరేసరికి ఫిఫామే నడుముకు చుట్టిన గుడ్డ బిగిసిపోయింది. అక్కడ అలుగ్బా తన చేత్తో అకాస్సా ముద్దల ఆకులు విప్పి, మాంసం పులుసు పోసి, గిన్నె అడుగు కనిపించేదాకా ఎదురుగా కూర్చుంది. అది అయ్యీ కాకముందే డప్పులు మొదలయ్యాయి. ఆడపడుచులు ఆమెను లాక్కెళ్ళారు. ఒకావిడ నడుం పట్టి తిప్పింది, ఇంకొకావిడ అమాంతం ఎత్తి పక్కావిడకు అందించింది, ఆవిడ ముద్దుపెట్టుకుని మరొకరికి అప్పగించింది. అందరివీ ప్రేమగా చాచిన చేతులే. నాలుగో చేతికి వెళ్ళేసరికి ఫిఫామేకు లోకం తిరిగింది. గోడ వెనక్కి పరిగెత్తి, తిన్నదంతా కక్కేసింది.

వెనక ఆడవాళ్ళ సంతోషపు కేకలు మిన్నంటాయి. తండ్రిగారు ఊరికే రాలేదన్నారు కొందరు. అప్పుడేనా అని వేళ్ళు లెక్కపెట్టారు కొందరు. అలుగ్బా నీళ్ళ చెంబుతో వచ్చి, కోడలి వీపు రాస్తూ, ఎన్నాళ్ళయిందని చెవిలో అడిగింది.

"అది కాదత్తయ్యా. కడుపు నిండా తిన్నాక ఊపేశారు, అంతే," అంది ఫిఫామే సిగ్గుతో చచ్చిపోతూ.

నోరు పుక్కిలిస్తూ, తనన్న మాట తనకే వినపడి, ఆగిపోయింది.

ఇంటికి వస్తూనే మొగుణ్ణి బుట్ట దగ్గర కూర్చోబెట్టింది. తండ్రిగారికి వాళ్ళు భోజనం పెట్టేది ఆదివారం పొద్దున, సెజ్రో దుకాణానికి సెలవు కాబట్టి. చుట్టాలు కొత్త దంపతుల్ని చూడటానికి వచ్చేదీ ఆదివారమే.

"తిన్నాక దాన్నెవరూ ముట్టుకోరని ఎడ్విజ్‌తో చెప్పావు. మరి నిన్న వచ్చినవాళ్ళందరూ ఏం చేశారు?"

"వాళ్ళు ముట్టుకోలేదే. దండం పెట్టి, ఆశీర్వాదం కోసం మెడలో వేసుకుని..." సెజ్రో ఆగాడు. బుట్ట వైపు చూశాడు. "పక్కవాళ్ళకిచ్చారు," అన్నాడు నెమ్మదిగా.

ఆ ఆదివారం ఎన్ని మెడలు మారిందో ఇద్దరూ తలుచుకోలేకపోయారు. అందరికన్నా ఎక్కువసేపు వేసుకున్నది అలుగ్బా. రోజూ మధ్యాహ్నం వచ్చి, తండ్రిగారిని మెళ్ళో వేసుకుని, ఊళ్ళో సంగతులన్నీ ఆయనకు చెప్పుకునేది. ఆమెను ముట్టుకోవద్దనాలి. ఎవరనాలి? సెజ్రో చేతులెత్తేశాడు. తన ముక్కు తుడిచి పెంచిన మనిషికి తాను మర్యాద నేర్పలేనన్నాడు. కొత్త కోడలు అననే కూడదు. పెద్దల్ని తండ్రికి దండం పెట్టొద్దన్న కోడలని ఊరు ఊరంతా చెప్పుకుంటుంది.

ఫిఫామే రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు తరగతిలో పాత రాజుల పాఠం చెబుతుండగా దారి దొరికింది. అబోమే రాజు భోంచేసేటప్పుడు, ఏదైనా తాగేటప్పుడు ఎవరి కంటా పడకూడదు. అడ్డంగా గుడ్డ పట్టేవారు. ఎంతటి మంత్రయినా ముఖం తిప్పుకోవలసిందే. పెద్ద వంశాల్లో ఆ మర్యాద ఇంకా పోలేదు.

కడుపు మళ్ళీ కుదుటపడటానికి ఎడ్విజ్ చెప్పినన్ని రోజులూ ఆగారు. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకు తండ్రిగారు ఉపవాసమని సెజ్రో చెప్పాడు, అది నిజమే కాబట్టి ధైర్యంగా చెప్పాడు. తరవాత చిటికెన వేలంత ఎలుకపిల్లను పెట్టి, బుట్టకు అడ్డంగా తాడు కట్టి, ఫిఫామే తన నీలం పువ్వుల గుడ్డ వేలాడదీసింది.

మధ్యాహ్నం అలుగ్బా వచ్చి, వంటింటి గుమ్మంలో ఆగింది.

"ఏమిటే ఈ తెర?"

"తండ్రిగారు భోజనం చేస్తున్నారత్తయ్యా."

అలుగ్బా ఆలోచించకుండానే ముఖం పక్కకు తిప్పుకుంది. చిన్నప్పటి అలవాటు అలాంటిది. గోడ వైపు చూస్తూనే, ఎంతసేపట్లో అవుతుందని అడిగింది.

"నాలుగైదు రోజులు పట్టొచ్చు. ఆయన నిదానంగా భోంచేస్తారు."



"నన్ను ముట్టుకోవద్దంటున్నావా?" అంది అలుగ్బా, గోడవైపే చూస్తూ.

ఫిఫామే ఆమె కాళ్ళ దగ్గర మోకరించింది. నేర్చుకుని పెట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. పండుగనాడు మీరు పెట్టింది అమృతంలా ఉందనీ, అది తన కడుపులో నిలవకపోవడం అన్నం తప్పు కాదనీ చెప్పింది. అందరూ ప్రేమతోనే ఎత్తుకున్నారు, ఎత్తుకున్నందుకే కక్కానంది. అంత ఒళ్ళున్న తనే తట్టుకోలేకపోతే, అంత చిన్న ప్రాణం ఎలా తట్టుకుంటుంది? చెబుతూ చెబుతూ చివరికి, "అత్తయ్యా, వాడు ఈ ఇంటి అన్నం వద్దనలేదు. మనం అరగనివ్వలేదు," అంది.

అలుగ్బా తన చేతుల వంక చూసుకుంది. మెడ మీద ఒకసారి రాసుకుంది.

"రోజూ వచ్చేదాన్ని," అంది. వెనక్కి తిరిగి, పీట లాక్కుని, తెరకు వీపు పెట్టి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

ఆ సాయంత్రం నుంచి ఆ ఇంటికి కాపలా ఆమెదే. దర్శనానికి వచ్చినవాళ్ళను గుమ్మం బయటే ఆపి, నీ ఇంట్లో పెద్దాయన తింటుంటే నోట్లో చెయ్యి పెడతావా అని అడిగి పంపేసేది. మెడలో వేసుకోకుండానే, తెర ఇవతల నుంచి, తండ్రిగారికి ఊరి సంగతులు చెప్పేది. గొంతు బాగా తగ్గించి చెప్పేది.

పొద్దున్నే సెజ్రో తెర సందులోంచి చెయ్యి దూర్చి, మూత కొంచెం ఎత్తి, వాసన చూసి, కక్కలేదని తల అడ్డంగా ఊపేవాడు. బుడిపె ఇంకా ఉందనేవాడు. మర్నాడు తగ్గిందనేవాడు. ఆ తరవాత కనిపించడం లేదనేవాడు. అయినా ముగ్గురిలో ఎవరూ సంతోషించడానికి తెగించలేదు.

ఒక ఉదయం అతను మూత ఎత్తి, ఎంతసేపటికీ దించలేదు.

"కక్కాడా?" అని అడిగింది అలుగ్బా.

"లేదత్తా. దొడ్డికెళ్ళాడు."

ఫిఫామే తెర లాగేసింది. గుడ్డ మీద, ఒక మూలగా, గోరంత నల్లటి ముద్ద, దాని కొసన సున్నంలా తెల్లటి చుక్క. సెజ్రో దాన్ని అరటాకు ముక్క మీదికి తీసి వెలుతురులోకి తెచ్చాడు. మూడు తలలు దాని మీదికి వంగాయి. రాలిన నగను దొరకబుచ్చుకున్నట్టు చూశారు. చిన్న బొచ్చు పోగు కనిపిస్తోందని సెజ్రో అన్నాడు. తెల్లది ఎంత శుభ్రంగా ఉందో చూడమని ఫిఫామే అంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు, మళ్ళీ నవ్వారు.

"అరిగింది," అంది అలుగ్బా, తీర్పు చెప్పినట్టు.

బుట్టలో పసిది తల ఎత్తి, నాలుక చాచి, వెచ్చటి గాలిని రుచి చూసింది. అలుగ్బా మెల్లగా మోకాళ్ళు వంచి, నుదురు నేలకు ఆనించింది. లేచాక చేతులు దానివైపు చాచబోయి, మధ్యలోనే వెనక్కి తీసుకుని, రెంటినీ ఒళ్ళో ముడుచుకుంది. ఆమె పెళ్ళిళ్ళు కుదిర్చిన చేతులవి, ఎందరికో పేర్లు పెట్టిన చేతులవి.

"పెళ్ళామా, ఇప్పుడు ఎత్తుకోవచ్చునా?" అని అడిగింది.

ఆమె అలా ఎవర్నైనా అడగడం సెజ్రో ఎన్నడూ వినలేదు. ఫిఫామే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ ముసలి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇవాళొక్కరోజు పడుకోనిద్దాం అత్తయ్యా. రేపు మొదట మీరే ఎత్తుకుందురుగాని."

"సరే. రేపు పొద్దున్నే వస్తాను," అని అలుగ్బా బుద్ధిగా తలూపింది. పీట మాత్రం అక్కణ్ణించి కదపలేదు.