నల్ల అంచు

సాయంకాలపు అసర్ నమాజు ముగిసేసరికి కెన్యా తీరంలోని మొంబాసా పాతపట్నంలో ఎండ గోడల మీదికి ఎక్కుతుంది, ఆడవాళ్లు మ్వానాషా ఇంటి అరుగు మీదికి ఎక్కుతారు. పెళ్లికూతుళ్లకు గోరింటాకు పెట్టడం ఆమె వృత్తి. ఊళ్లో ఎవరి నోరు ఎవరిదైనా, పెళ్లిచేతులు మాత్రం మ్వానాషావే అని పేరు.

ఆ సాయంత్రం ఆమె ఫోనును టీ ఫ్లాస్కుకు ఆనించి నిలబెట్టింది. చేతిలో చిన్న గొట్టం ఉంది. ఫోనులో ప్రకటన చూసి తెప్పించుకున్న నల్ల గోరింట అది. రాత్రంతా ఆరబెట్టనక్కర్లేదు, పది నిమిషాల్లో పండుతుందని దాని గొప్ప.

"చూడండమ్మా, ముందు నా చేతికే వేసుకుంటున్నా. నాకు పండాకే మీకు," అని ఫోనుతో చెప్పి మణికట్టు మీద ఒక తీగ గీసుకుంది. కడిగితే తీగ నిగనిగలాడింది. మర్నాడు అదే చేయి మళ్లీ చూపించింది. "దురద లేదు, మంట లేదు. మ్వానాషా పరీక్షలో పాసు."

ఇందులో తప్పేముంది అంటారు మీరు. నేనూ మొదట అదే అన్నాను. తన ఒంటి మీద ప్రయోగం చేసుకున్న మనిషిని ఎవరు తప్పుపడతారు? కానీ ఏళ్ల తరబడి ఆకు నూరి, నిమ్మరసం పిండి, లవంగనూనె కలిపి కాయ కాసిన చేయి అది. నిప్పు అంటుకున్నా "ఎవరదీ" అని తీరిగ్గా అడిగే చేయి. ఆ సంగతి ఫోనుకేం తెలుసు? లైకులు కురిశాయి. లైకులు చూసి లోకులు నమ్మారు. లోకులు నమ్మారని మ్వానాషా తనను తానే నమ్మేసింది.

వీధి చివరింటి బిషారా కూతురు తువైబా పెళ్లి దగ్గరపడింది.

"ఏమే మ్వానాషా, ఎర్ర పువ్వుల చుట్టూ ఆ నల్ల అంచు దించు. ఊరంతా నీ ఫోను చూసి నా పిల్ల చేతులు చూడ్డానికొస్తోంది," అంది బిషారా.

"దించుతాలే. నీ పిల్ల కదలకుండా కూచుంటే గదా. చిన్నప్పుడు దీని చెయ్యి పట్టుకోవడమంటే చేపని పట్టుకోవడమే."

"ఇప్పుడు వల్లో పడ్డాను కదా పిన్నీ," అని నవ్వింది తువైబా. గీత మొదలయ్యాక కాస్త గొంతు తగ్గించి అడిగింది. "ఈద్‌కి మా నేస్తం నా కాలి మీద ఇలాంటి నల్లరంగుతోనే నెలవంక వేసింది. రెండ్రోజులు ఒకటే దురద. ఇదీ అంతేనా?"

"అది పిల్లచేష్ట. ఇది నేను పరీక్ష చేసింది," అంది మ్వానాషా, తల ఎత్తకుండానే.

పది నిమిషాల్లో పండుతుందన్న మాట అబద్ధం కాలేదు. చక్కగా పండింది. పండిందే పుండైంది. మర్నాటికి నల్ల తీగ పొడుగునా బొబ్బలు లేచాయి. తీగ ఎటు వంపు తిరిగితే బొబ్బలూ అటే తిరిగాయి. అంత అందమైన చేతిపని కాబట్టి గాయం కూడా అందంగా కుదిరింది.

"నిన్న రొయ్యల బిర్యానీ వద్దంటే విన్నదా? ఒళ్లు పొంగింది," అంది బిషారా. తర్వాత మ్వానాషా వైపు చూసింది. "అంతేనంటావా?"

"రొయ్యలు కొందరికి పడవు," అంది మ్వానాషా.

చిన్న మాట. గోరంత మాట. ఆ గోరంత మాట కొండంతై ఆమె గుండె మీద కూచుంది. ఆ పూటే గొట్టం కొంగున ముడేసుకుని మందుల షాపుకు పోయి పిల్ల బొబ్బల సంగతి చెప్పింది. షాపతను గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం కలిపారో ఒక్క ముక్క రాయలేదు. ఇంత నలుపు ఆకులో పుట్టదు పిన్నీ. జుట్టుకేసే రంగే అయ్యుంటుంది. మొదటిసారి ఊరుకున్న చర్మం రెండోసారి ఊరుకోదు. ఆ పిల్లని ఆస్పత్రికి పంపండి. ఏం పూశారో అక్కడ దాచకుండా చెప్పమనండి."

ఆమె పంపలేదు. చెప్పలేదు. చెబితే రేపు తన అరుగు ఎవరు ఎక్కుతారు?

పెళ్లికూతుర్ని ఆడవాళ్లకు చూపించే రోజు వచ్చింది. మగవాళ్లు రాని సభ. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో పెట్టించారు. పాట సాగుతోంది. తువైబా పీఠం మీద కూచుంది. ఒళ్లో మల్లెలు, మల్లెల కింద పలచటి గుడ్డ, గుడ్డ కింద చేతులు.

"మ్వానాషా, వచ్చేవారం మా పిల్లకీ ఆ నల్ల అంచే," అని పక్కనున్నామె మోచేత్తో పొడిచింది.

తువైబా కళ్లతో పిలిచింది. దగ్గరికి వెళితే చెవిలో అంది. "కోపం తెచ్చుకోకు పిన్నీ. నోరు కట్టుకోలేక రొయ్యలు తిని నీ పని పాడుచేశాను. అందరి ముందూ నీ చేతిపని చూపించలేకపోయాను."

దెబ్బ తిన్న పిల్ల, కొట్టిన చేతిని క్షమాపణ అడుగుతోంది. ఇంతకన్నా శిక్ష ఏ కోర్టులో ఉంటుంది చెప్పండి.

మ్వానాషా అక్కడే నేల మీద కూలబడింది. "రొయ్యలు కాదు తల్లీ. నేను పెట్టిన రంగు. దురద అని నువ్వు ముందే చెప్పావు. నేను వినలేదు. తర్వాత తెలిసి కూడా చెప్పలేదు."

పాట ఆగిపోయింది. బిషారా ముందుకొచ్చింది. "నిన్నంతా నా ఇంట్లో తిరిగావు. నా చేత్తో అన్నం పెట్టాను. అప్పుడు ఈ మాట ఎక్కడ దాచావే?"

"నోట్లోనే ఉంది. అన్నం దిగింది, మాట దిగలేదు, బయటికీ రాలేదు."

తువైబా ఒళ్లోని మల్లెలు పక్కకు నెట్టింది. "పరీక్ష నీ చేతికి పెట్టుకున్నావు పిన్నీ. ఫలితం నా చేతులకి వచ్చింది. ఊరికి సగమే చూపించావు. మిగతా సగం చూపించు."

బిషారాయే గుమ్మం దాకా వెళ్లి, బుట్టలోంచి మ్వానాషా ఫోను వెతికి తెచ్చి ఆమె ఒళ్లో పడేసింది. "చేతులు మాత్రమే. నా పిల్ల మొహం పడిందో, నీ మొహం నేను చూడను. అయ్యాక ఆస్పత్రికి నువ్వూ రా. ఏం పూశావో నీ నోటితోనే చెప్పు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మనం వెక్కిరిస్తాం. నిజమే. కానీ ఇంకా కాలని చేతులు ఆ సభలో చాలా ఉన్నాయి. మ్వానాషా ఫోను ఎత్తింది. ఈసారి ఆనించడానికి ఫ్లాస్కు లేదు, తన చేత్తోనే పట్టుకుంది. గుడ్డ తొలగిన రెండు చేతుల మీదుగా ఆమె గొంతు మెల్లగా వినిపించింది.

"నాకేం కాలేదు కాబట్టి మీకూ కాదని చెప్పాను. నా తోలు నాది, మీ తోలు మీది. అమ్మలారా, ఫోనులో ఎవరి చేయి మెరిసినా, అది మీ చేతికి హామీ కాదు."