మోతీ కేక

తెల్లారి మొదటి విమానం దిగేలోపు అనిత ఆడవాళ్ళ బాత్రూముల గచ్చు తుడిచి, బయట గోడకున్న మిషన్ మీది మూడు మొహాలను తడిగుడ్డతో రుద్దుతుంది. పచ్చ మొహం నవ్వుతుంది. పసుపుది మూతి బిగించుకుంటుంది. ఎర్రది ఏడుస్తుంది. ప్రయాణికులు చేతులు కడుక్కుని వస్తూ ఏదో ఒకటి నొక్కుతారు. పచ్చవి ఎక్కువైతే మేనేజర్ సురేందర్‌కు మెచ్చుకోలు, ఎర్రవి ఎక్కువైతే అనితకు తిట్లు.

ఆ రుద్దడం అయ్యేసరికి బయట రన్‌వే మీద ఆమె తల్లి మోతీ కేక వేస్తుంది. "హో... హోయ్... హోహో..." పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోతాయి. టవర్‌లో కరుణాకర్ అది విన్నాకే విమానాన్ని దిగమంటాడు.

మోతీ చనిపోయి ఏడాది దాటింది.

జనగామ శివారులో పత్తిచేల నడుమ కట్టిన చిన్న విమానాశ్రయం అది. చుట్టుగోడ వెంట నున్నటి తారురోడ్డు వేశారు. నున్నటి రోడ్డు కనబడితే రైతు ఊరుకుంటాడా? కోతలు కాగానే వడ్లు తెచ్చి దాని మీదే ఆరబోశారు. వడ్ల కోసం పిట్టలొచ్చాయి. పిట్ట ఇంజన్లో పడితే విమానానికే గండం. పటాకులు పేల్చారు, గద్ద అరుపులు రికార్డు చేసి వినిపించారు. పిట్టలు వాటికి తొందరగానే అలవాటు పడ్డాయి. చివరికి గూడూరు అవతలి తండా నుంచి మోతీని, దగ్గరి ఊళ్ళ నుంచి వజ్రమ్మను, ఇంకొకామెను కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. చిన్నప్పటి నుంచి మక్కచేలో మంచె మీద నిలబడి, రాళ్ళు విసిరే ఒడిసెల తిప్పిన మనిషి మోతీ. ఆమె గొంతంటే పిట్టలకు భయం.

రన్‌వే మీద మనిషి దూరానికే కనబడేలా పైన తొడుక్కునే మెరిసే జాకెట్లు ముగ్గురు ఆడవాళ్ళకు రెండే వచ్చాయి. అవీ మగవాళ్ళ కొలతవి, మోకాళ్ళ దాకా వేలాడేవి. డ్యూటీ దిగేవాళ్ళు విప్పితే ఎక్కేవాళ్ళు తొడుక్కునేవారు. కౌంటర్లలోని ఆడపిల్లలు ఎంత వెడల్పు నవ్వాలో కొలత తెలిసిన ఆఫీసుకు ఆడవాళ్ళ జాకెట్ కొలత తెలియలేదు.

పోయిన చలికాలం భద్రతా వారోత్సవాలకు పెద్దసార్లు వచ్చారు. రన్‌వే మీద ఫోటో దిగాలన్నారు. ఒక సారుకు జాకెట్ తక్కువైంది. సురేందర్ మోతీ ఒంటి మీద ఉన్నదాన్ని తీయించి ఆయనకు తొడిగించాడు. పొగమంచులో పిట్టల వెనక పరుగెత్తిన మోతీ, తనిఖీ జీపు నడిపేవాడికి కనబడలేదు.

విచారణ కమిటీ కూర్చుంది. మృతురాలు జాకెట్ వేసుకోకపోవడమే ప్రమాదానికి కారణమని, తప్పంతా ఆమెదేనని తేల్చి లేచింది. కమిటీలో అందరూ మగవాళ్ళే. అందరికీ జాకెట్లున్నాయి.

దినాలు కాకముందే ఒక తెల్లవారి కేక మళ్ళీ వినిపించింది. "మోతీ డ్యూటీకొచ్చింది," అని వజ్రమ్మ తన ఒడిసెల సర్దుకుంది. కాంట్రాక్టరు ఆమె జాగాలో ఇంకెవరినీ పెట్టలేదు. జీతం అడగకుండా వచ్చే మనిషి ఉండగా ఇంకొకరెందుకు?

ఇప్పుడు సేవల నాణ్యతకు స్టార్లిచ్చే బృందం వస్తోంది. సురేందర్ అనితను గదిలోకి పిలిచాడు.

"మీ అమ్మకు జర చెప్పు. రేపు పొద్దుగాల సప్పుడు చేయొద్దను."

"మా యాడి నా మాటెందుకింటది సారు? బతికున్నప్పుడే ఇనలే."

"నవ్వులాట కాదు. హాల్ల కూసున్నోళ్ళకు గా కేక ఇనబడితే ఎవలో సచ్చిపోయినట్టే ఉంటది."

"సచ్చిపోయింది గద సారు."

సురేందర్ మూతి పసుపు మొహంలా బిగుసుకుంది. "చెప్తే కౌంటర్ల కూసోబెడుత. లేకుంటే రేపటి సంది రాకు."

జనగామలోని అద్దెగదిలో అనిత చెల్లెలు నర్సింగ్ చదువుతోంది. అక్క పని పోతే ఆ చదువూ పోతుంది. అనిత సాయంత్రం రన్‌వే కొస దాకా నడిచి కంచె పట్టుకుని నిలబడింది.

"యాడీ, రేపొక్కపొద్దు ఊకుండు. నాకోసం."

గాలి ఆగిపోయింది. మోతీ అలిగినప్పుడు ఇల్లంతా ఇట్లాగే ఆగిపోయేది.

తెల్లారింది. అనిత మూడు మొహాలూ రుద్దింది. మళ్ళీ రుద్దింది. కేక రాలేదు.

రన్‌వే మీద కొంగలు, గువ్వలు కుప్పలుగా వాలి ఉన్నాయి. వజ్రమ్మ గొంతు చించుకుంది, రాళ్ళు విసిరింది. ఒక్కటీ లేవలేదు. పైన విమానం తిరుగుతోంది. స్టార్లిచ్చేవాళ్ళు అందులోనే ఉన్నారు. సురేందర్ రొప్పుతూ టవర్ ఎక్కాడు.

"దింపవేంది?"

"మోతీ అవ్వ పిలువలే సార్. పిట్టలట్లనే ఉన్నయి. నేను దింప," అన్నాడు కరుణాకర్.

"ఆమె సచ్చింది!"

"ఎరుకే. మీరు వద్దన్నరని ఊకున్నది."

సురేందర్ కిందికి పరుగెత్తాడు. అనిత వెనకాలే వెళ్ళింది. రన్‌వే అంచున వజ్రమ్మ ముందు ఆగి, "విప్పు, ఇటియ్యి," అని చెయ్యి చాచాడు. వజ్రమ్మ ఆయన మొహంలోకి ఒకసారి చూసి జాకెట్ విప్పి ఇచ్చింది. మోతీ ఒంటి మీది నుంచి తీయించినదే అది. తొడుక్కుని పిట్టల మీదికి పరుగెత్తి నోరు తెరిచాడు.

"హో... హోయ్... హోహో..."

వచ్చింది మోతీ గొంతు. పిట్టలన్నీ లేచిపోయాయి. విమానం దిగింది.

హాల్లో పూలగుత్తి పట్టుకుని సురేందర్ నవ్వాడు. పచ్చ మొహం నవ్వినంత వెడల్పుగా. స్వాగతం చెప్పబోయాడు. మోతీ గొంతే పలికింది.

"నా పెయ్యి మీది జాకెట్ గీ సారే తీయించిండు. ఫోటోకు గావాల్నన్నడు."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. బృందం వెంట వచ్చిన పెద్దసార్లలో, ఆ ఫోటోలో ఆ జాకెట్‌తో నిలబడిన సారు మాత్రం తల దించుకున్నాడు.

కమిటీ మళ్ళీ కూర్చుంది. సంజాయిషీకి సురేందర్ నోరు తెరిచినప్పుడల్లా ఆ మాటలే వచ్చాయి. మోతీది తప్పు కాదని తేల్చక తప్పలేదు. ఆడవాళ్ళ కొలత జాకెట్లు మనిషికొకటి వచ్చాయి. అనిత కౌంటర్లో కూర్చుంటోంది. ఇంక ఏ పనికీ పనికిరాని సురేందర్‌ను పిట్టలు తోలడానికి కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు.

గాలిలో మాత్రం కేక మళ్ళీ రాలేదు. తల్లి గొంతు వినాలంటే అనిత రోజూ తెల్లారి రన్‌వే కొసకు పోయి ఆ మనిషి పక్కనే నిలబడాలి. ఆయన నోరు తెరిచే ముందే ఆమె కళ్ళు మూసుకుంటుంది. పిట్టల రెక్కల చప్పుడు దూరమయ్యేదాకా తెరవదు.