బల్ల కింది సంచి

యజమాని గదిలో బల్ల మీద ఇరవై మూడు చొక్కాలున్నాయి. ప్రతి కాలరు మీదా నీలం సుద్దతో చిన్న గీత.

"రెండు నెలల్లో ఇన్ని వంకర్లమ్మా. రేపట్నుంచి కాలర్లు కూడా కాజాల పిల్లే చూసుకుంటుంది," అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు.

కాలర్లు కుట్టే కాలరక్క చొక్కాల వంక చూడలేదు. గీతల వంకే చూసింది. నీలం సుద్ద ఆ కుట్టుగదిలో ఒక్కరి దగ్గరే ఉంటుంది, గుడ్డ కత్తిరించే కత్తెర వదిన దగ్గర.

తొమ్మిదేళ్ళ కిందట ఈ కుట్టుగదిలోకి వచ్చినప్పుడు నలుగురూ ఎడ్డెమంటే తెడ్డెం. చొక్కా చెడితే కత్తెర వదిన కాలరక్క మీద, కాలరక్క కాజాల పిల్ల మీద, ఆ పిల్ల ఇస్త్రీ పిన్ని మీద తోసేవారు. పిన్ని మాత్రం తన ఇస్త్రీపెట్టె మీద తోసేది. ఏడాది తిరిగాక కత్తెర వదినే ఒకరోజు పాత గుడ్డతో సంచి కుట్టి బల్ల కింద మేకుకు తగిలించింది. చెడిన చొక్కా అందులో పడాలి. అన్నాలు తిన్నాక నలుగురూ కూర్చుని కుట్లు విప్పాలి. తప్పెవరిదని అడగకూడదు.

ఆ ఒక్క సంచితో నలుగురూ ఒక చెయ్యయ్యారు. మిషను చప్పుడు మారితే చాలు, ఎవరికి ఒంట్లో బాగాలేదో మిగతా ముగ్గురికీ తెలిసిపోయేది. కాజాల పిల్లకి కాలరు కుట్టడం నేర్పింది కూడా ఆ విప్పే వేళల్లోనే, కాలరక్కే.

రెండు నెలల కిందట ఆమె కుడికంట్లో పొర కమ్మింది. ఆ సంగతి కత్తెర వదినకొక్కదానికే చెప్పింది. వచ్చే నెల ఆపరేషను, అప్పటిదాకా కుర్చీ నిలిస్తే చాలునంది. వదిన చెయ్యి పట్టుకుని, కంటిని శ్రమపెట్టకు, వంకర పోయిన నీ కాలర్లు నేనే విప్పి సరిచేస్తానంది. కాలరక్క తన చేత్తోనే వాటిని తీసి ఇచ్చింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

కుట్టుగదిలోకి తిరిగి వచ్చేసరికి మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. అడగాల్సిన అవసరం లేదని అప్పుడే అర్థమైంది. అయినా అడిగింది.

"ఆయనకి నా కంటి సంగతి కూడా చెప్పావా వదినా?"

కత్తెర వదిన తల ఎత్తలేదు. "ఒకరిని తగ్గించాలన్నాడు. ఎవర్నన్నది మమ్మల్నే తేల్చుకోమన్నాడు. నీకు చెప్తే నువ్వు ఊరుకుంటావా? ముగ్గురం కూర్చుని అనుకున్నాం."

ముగ్గురం. కాలరక్కకు సుద్దగీతల కంటే ఆ మాటే గట్టిగా తగిలింది. ఎప్పుడు కూర్చున్నారు? పోయిన వారం ఆమె కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజే అయుండాలి. అన్నాలు తిన్నాక, ఈ సంచి చుట్టూనే. ఇస్త్రీ పిన్ని కాలని చొక్కాని కాలినట్టే చూస్తోంది. కాజాల పిల్ల చీరచెంగు వేలికి చుట్టుకుంటోంది.

"ఇరవై మూడూ నావేనా?"

"ఆడలేక మద్దెల ఓడంటే ఎలా అక్కా? కాలర్లు నువ్వేగా కుట్టేది."

కాలరక్క వదిన బల్ల దగ్గరికి నడిచింది. పొద్దున కత్తిరించి పెట్టిన కాలరు ముక్కలు దొంతరగా ఉన్నాయి, ఇంకా సూది తగలనివి. పైముక్క తీసి సరిగ్గా నడిమికి మడిచింది. దీనికి కన్ను అక్కర్లేదు, వేళ్ళు చాలు. ఎడమ కొన నువ్వుగింజంత బయటికి వచ్చింది. రెండోది మడిచింది. మూడోది. అన్నీ అంతే.

"నీ కత్తెర ఎడమకి జారుతుంది వదినా. ఏడేళ్ళ నుంచీ. ఆ గింజంత నేను మడతలో మింగేసేదాన్ని. కన్ను పోయాక మింగలేకపోయాను, అంతే."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?" అంది వదిన.

"తప్పెవరిదని అడగకూడదన్నావుగా."

వదిన ఒక ముక్క తీసుకుని తానే మడిచి చూసింది. విప్పింది. మళ్ళీ మడిచింది. ఎనిమిదేళ్ళ అలవాటు ఊరికే పోతుందా, కాజాల పిల్ల బల్ల కిందికి వంగి, ఆ వంకర ముక్కల కోసం సంచి మూతి తెరిచి పట్టుకుంది.

కాలరక్క ముక్కలు అందులో వెయ్యలేదు. వదిన చేతి పక్కనే, యజమాని గది తలుపు తెరిస్తే కనబడేలా, ఒక్కొక్కటీ మడిచిన మడత మడిచినట్టే పరిచింది. తన సొరుగులోంచి సూదుల పెట్టె తీసుకుని బయటికి నడిచింది. సంచి మూతి ఇంకా తెరుచుకునే ఉంది.