పూత మీద బేరం

కిషోర్ బాబు కంప్యూటర్ మీది దుమ్ము తుడిచి, ఇస్త్రీ చొక్కా చేతులు మడుచుకుని, తోటల ఫైళ్లు వరసగా పేర్చాడు. విస్సన్నపేటలో ప్రేమ్‌చంద్ నడిపే మామిడి వ్యాపారం ఆఫీసులో అతని ప్రొబేషన్ ఆ రోజుతో ముగుస్తుంది. "ఉంచుతారో పంపేస్తారో అడిగేసి రా," అంది భార్య షీబా, పొద్దున క్యారేజీ చేతికిస్తూ.

అంతకుముందు అతను బెంగళూరులో ఒక గదిలో కూర్చుని, ఆన్‌లైన్‌లో పోకర్ ఆడి బతికాడు. బాగానే బతికాడు. రాత్రంతా ఆట, పగలంతా నిద్ర. కిందటేడు ఒకరోజు షీబా ఫోన్లో, "తోటలన్నీ పూత మీదున్నాయి, వాసనకి తల తిరిగిపోతోంది," అంటే అది ఏ నెలో అతనికి తట్టలేదు. ఆ వారమే వచ్చేశాడు. ఇప్పుడు పొద్దున్నే తోటల మధ్య నుంచి బండి మీద ఆఫీసుకి వస్తుంటే ప్రాణం హాయిగా ఉంటోంది.

టీ వేళకి చాట్రాయి నుంచి బసవమ్మ, తలగుడ్డ విప్పి చెమట తుడుచుకుంటూ వచ్చింది. మొగుడు పోయాక తోట ఆమే చూసుకుంటోంది. కాయ పడకముందే, పూత మీదే తోటను గుత్తకి ఇచ్చేస్తానంది. గాలివానొస్తే నష్టం కొన్నవాడిది. విరగకాస్తే లాభమూ వాడిదే.

"చెప్పిన రేటుకైతేనే ఇస్తానండీ. లేదంటే నూజివీడు వాళ్లకిచ్చేస్తా."

"ఇచ్చుకోమ్మా, పల్లకీలో మోసుకెళ్తారు నిన్ను," అని ప్రేమ్‌చంద్ కిషోర్‌ని లోపలి గదిలోకి పిలిచాడు.

"పేకాటలో ముదిరినోడివి కదయ్యా. మొహం చూసి చెప్పు. రేటు దిగుతుందా, దిగదా?"

అద్దం తలుపులోంచి కిషోర్ చూశాడు. బసవమ్మ మొహం రాయిలా ఉంది. కాలి బొటనవేళ్లు మాత్రం చెప్పుల్ని గట్టిగా నొక్కి పట్టుకున్నాయి. దిగుతుంది. ఇలాంటి చోటే అతను వెనకాడకుండా పందెం పెంచేవాడు. అప్పుడు అవతల ఉండేది స్క్రీన్ మీద ఒక పేరు, పక్కన పులి బొమ్మో కారు బొమ్మో. కాళ్లు ఉండేవి కావు.

"నాకు మొహాలు చదవడం రాదండీ," అన్నాడు. "ఇన్నేళ్లు ఆడినా అవతలోడి మొహం ఒక్కటీ చూళ్లేదు. అంతా స్క్రీనే."

ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు.

ప్రేమ్‌చంద్ పడీపడీ నవ్వాడు. "ఓరి నీ ఆట తగలెయ్యా! అదీ రాదా? పోన్లే, ఫైళ్లన్నా కుదురుగా పెడుతున్నావు. రేపట్నుంచి పర్మినెంటు, పో."

బయటికొచ్చి బసవమ్మని ఎగాదిగా చూశాడు. ఏమీ తేలక, ఆమె అడిగిన రేటుకే ఒప్పుకున్నాడు.

బస్సు హారన్ వినపడగానే ఆమె దణ్ణం పెట్టి గబగబా వెళ్లిపోయింది. కూర్చున్న చోట తలగుడ్డ మరిచిపోయింది. కిషోర్ అది పట్టుకుని పరిగెత్తేసరికి బస్సు కదిలిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు ఇవ్వొచ్చని దాన్ని తన కుర్చీ వీపుకి ఆరేశాడు. చెమటకి ఇంకా తడిగానే ఉన్న ఆ తలగుడ్డ మడతల్లో, మామిడి పూత పొడి పసుపురంగు గీతల్లా అంటుకుని ఉంది.